ఒక ఇనుప సందుగ ఆత్మకథ

నేను ఇనుప సందుగను. నా జన్మము ఘనమైనది కాకపోయినను నా వంశము మాత్రము మిక్కిలి పురాతనమైనది. అజ్ఞాతవాసమునకు పోవుచు పాండవులు తమ ఆయుధములను జమ్మిచెట్టు కొమ్మలలో దాచి, బాటసారులు దరిజేరకుండునట్లు ఆ చెట్టునకొక శవమును కట్టి, వట్టి చేతులతో విరాటుని కొలువునకు నడచిరి గదా! ఆ జమ్మియే మా సందుగల కులమునకు మూలపురుషుడు. ఏడాది పాటు ఆ వృక్షము ఆయుధములను మనుష్యులనుండి కాచెనని అందరును తలతురు గాని, ఆయుధములనుండి మనుష్యులను కాచిన సంగతిని తలచువారు అరుదు. నిండుసభలో కీచకుడు ద్రౌపదిని తన్నిన క్షణమున భీముడు ఎదుటనున్న చెట్టువంక చూచెను. చెట్టును పెకలించుటకు పట్టు కాలములో ధర్మజుని వారింపు అతని చెవికి చేరెను. గద చేతిలోనే యుండినచో ఆ మాటకు చోటెక్కడిది? కీచకుడు పిదప చావనే చచ్చెను, కాదనను. కోపమును ఏ చెట్టును హరింపజాలదు. అది చేయగలిగినది ఒక్క మాటకు వ్యవధి కల్పించుట మాత్రమే. మా బోధనే నాటి ఏకచక్రపురమనియు, బకాసురుని భీముడు వధించినది ఇచ్చటనే యనియు పెద్దలు చెప్పుకొందురు గనుక, భారతకథ మాకు ఇంటికథవంటిది. అందుచే ఇంత దూరము పోయితిని.

నేను పుట్టినది నిజామాబాదులో ఒక కమ్మరి కొలిమి చెంత. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరపు కట్టడముతో మంజీర జలములు కాలువల వెంట మా ప్రాంతమునకు పారి, జొన్న పండిన నేలలలో వరియు చెరుకును పండసాగెను. 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసి, దానిని అంటుకొని శక్కర్‌నగరమను పేర ఒక ఊరే మొలిచెను. చెరుకున్నచోటికి అడవిపంది రాక మానదు. నిలువెత్తు తోటలో పగలెల్ల పడియుండి, రాత్రి తిన్నంత తిని, తిన్నదానికి పదింతలు త్రొక్కిపోవు ఆ జంతువును అదలించుటకని మా ఊరి పటేలు రెండు గొట్టముల తుపాకి నొకదానిని లైసెన్సుతో సంపాదించి, దానికై నన్ను కొనితెచ్చెను. నాకు పిడికెడంత తాళము వేసిరి. ఆ తాళపుచెవిని మాత్రము నాకు జానెడు దూరమున, గోడకు కొట్టిన మేకునకు తగిలించిరి! ఇంటికి వచ్చిన చుట్టము మొదలు పాలు పోయు పిల్ల వరకు చూడగల తాళపుచెవి ఉన్నప్పుడు, తాళము అలంకారమే గాని కావలి కాదని ఆనాడు ఆ ఇంట ఎవరికిని తోచలేదు. నిజము చెప్పవలెనన్న, కొత్త రంగు మెరుపులోనున్న నాకును తోచలేదు.

1948 వచ్చెను. ఆ ఏటి రాత్రులలో తుపాకి నా యొడిలోగాక పటేలు తలగడ క్రింద నిదురించినది. భయము ఊరంతయు నిండియుండ, నేను నోరు తెరచుకొని నెలలకొలది ఖాళీగా నుంటిని. సెప్టెంబరులో నిజాం రాజ్యముపై అయిదు దినములు సాగిన పోలీసు చర్య ముగిసి, జనరల్ చౌదరి సైనిక పాలన వచ్చిన పిమ్మట తుపాకి ఠాణాకు పోయెను. కొన్నేండ్లకు కొత్త కాగితముతో తిరిగివచ్చెను.

1959 నాటి ఆయుధముల చట్టము 1962 అక్టోబరు మొదటి తేదీన అమలునకు వచ్చెను. పంట కాపాడుకొను రైతునకు గొట్టమున మందు కూరి పేల్చు తుపాకిని, ఆత్మరక్షణకు ఇరువది అంగుళములకు తగ్గని గొట్టముగల తుపాకిని ఎట్లు అనుమతింపవలెనో అందు విడివిడిగా వ్రాసియున్నది. లైసెన్సు షరతులను మీరినవారికి శిక్షయు వ్రాసియున్నది. ఆ లైసెన్సు పుస్తకము నా యడుగుననే పడియుండెడిది. దానిని విప్పి చదివినవారిని నేనెరుగను.

అటుపిమ్మట రెండు మూడేండ్లకు ఒక దసరానాడు జరిగినదానిని చెప్పక తప్పదు. ఆయుధపూజకని తుపాకిని పీటపై నుంచి, గొట్టములకు కుంకుమబొట్లు పెట్టి, బంతిపూలు చుట్టి, హారతి యిచ్చిరి. సాయంకాలమున జమ్మికి పోవు సందడిలో దానిని నాలో పడవేసి, తాళము వేయుట మరచి, పెద్దలందరును ఊరి వెలుపలికి వెళ్లిరి. ఇంట మిగిలినవారు ఎనిమిదేండ్ల పటేలు మనుమడు, వాని యీడువాడే జీతగాని కొడుకు. ముందు రాత్రి పందులకై కావలి కాచినవారు ఒక తూటాను గొట్టములోనే మరచియుండిరని పిల్లలకేమి తెలియును? మనుమడు వేటగాడు, జీతగాని కొడుకు పంది, ఆట అది. పేలుడు వినబడినప్పుడు గూటిలోని దీపము ఆరెను, నా మూత అదరెను; జీతగాని కొడుకు కుడిచేతి రెండు వ్రేళ్లు లేకుండ పోయెను. ఆ పిల్లవాని తండ్రికి పటేలు రెండు బస్తాల జొన్నలును, ఒక మంచిమాటయు ఇచ్చెను. ఠాణాకు ఎవరును పోలేదు. ఊరు ఆ సంగతిని విధివ్రాత యనెను. విధి చేతిలో తాళపుచెవి లేదు. అది మేకున నుండెను.

దీనిని విధి యని ఒప్పుకొననిది ఆ యింట ఒక్కతెయే. పటేలు కోడలు, ఆ మనుమని తల్లి, మరునాటి ఉదయమున ఎవరిని అడుగకయే మేకునుండి తాళపుచెవిని తీసి తన బొడ్లో దోపుకొనెను. తుపాకిని తిరిగి నాలో పెట్టించునప్పుడు గొట్టములను విప్పి చూపించుకొనెను. తూటాల డబ్బాను నాలో ఉండనీయక పూజగది బీరువాలో నుంచి, దానికి వేరు తాళము వేసెను. తుపాకి ఒకచోట, తూటాలొకచోట, తాళపుచెవి ఒకరి యొడిలో: ఇంతియే ఆమె శాస్త్రము. 2016 నాటి ఆయుధముల నియమములు లైసెన్సు కోరువానికి శిక్షణ కావలెననియు, ఆయుధమును భద్రముగ దాతునని హామీ కావలెననియు చెప్పుటకు అర్ధశతాబ్ది ముందే, బడి మొగమెరుగని ఆ కోడలు ఆ హామీని తనకు తాను ఇచ్చుకొనెను. మామగారు కొన్నాళ్లు గొణిగి ఊరకుండిరి.

ఇక ఆ మూడువ్రేళ్ల బాలుడు పెరిగి పెద్దవాడై చక్కెర కర్మాగారములో పనికి కుదిరెను. క్రషింగు కాలమున చెరుకు బండ్లు బారులు తీరియుండ, బెల్లపు వాసన గాలిలో కమ్ముకొనియుండ, వాడు ఎడమచేతితో వ్రాత నేర్చి తూకపుచీట్లు చూచుచుండెడివాడు. ఏటేట దసరానాడు మాత్రము వానికి వేరొక పని యుండెడిది. తుపాకి యున్న ఇండ్లన్నియు తిరిగి, ఇంటి పెద్ద చేతిలో జమ్మియాకు పెట్టి, ఆ యాకు ఇచ్చిన కుడిచేతిని వెనుకకు తీసికొనక అట్లే చాచియుంచి, "తాళమేసిన్రా పటేలా?" అని అడిగెడివాడు. నవ్వినవారు నవ్విరి, కసరినవారు కసరిరి. అయినను ఆ చేతిని చూచినవారిలో లోనికి పోయి తాళము వేసివచ్చినవారే ఎక్కువ. పెండ్లి బరాతులలో ఆకాశమునకు తుపాకి పేల్చు వేడుకను చూచినచో వాడు బాజాలవారి ముందు నిలిచి బరాతునే ఆపివేసెడివాడు. అట్టి వేడుకకు రెండేండ్ల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని పడునని 2019 నాటి సవరణ చట్టము చెప్పినప్పుడు, ఆ వార్తాపత్రిక ముక్కను మడిచి జేబులో పెట్టుకొని తిరిగెను.

2015 డిసెంబరున కర్మాగారము మూతపడెను. గానుగలు ఆగిన పిదప తోటలోని చెరుకునకు విలువ లేదు. దూరపు ఫ్యాక్టరీలకు తోలిన, కిరాయికే సగము పోవును. మా యింట ఆ మనుమడు అప్పటికి అరువదేండ్లకు చేరువైన యజమాని. బ్యాంకు అప్పు, బోర్ల అప్పు, బిడ్డను అమెరికాలో చదివించిన అప్పు; పలుకుట తగ్గినది, తినుట తగ్గినది. ఆ మరుసటి ఏట ఒకనాటి నడిరేయి అతడు నా చెంతకు వచ్చి, చీకటిలో నా మూతపై చేయి వేసి చాలసేపు నిలుచుండెను. ఆ చేయి చల్లగా నుండెను. పిదప తల్లి మంచము కడకు పోయెను.

"అమ్మా, తాళపుచెవి ఇయ్యి. చెరుకుల పందులు పడ్డయట."

ముసలామె లేచి కూర్చుండి కొడుకు ముఖము చూచెను.

"చెరుకెక్కడిది బిడ్డా? ఈ యేడు మనం ఎయ్యనే లేదు గదా."

అతడు మారుపలుకలేదు. ఆమె తాళపుచెవి ఇయ్యను అని గూడ అనలేదు. "కూసో. చాయ్ పెడ్త," అని మాత్రము అనెను. పొయ్యి వెలిగెను, పాలు పొంగెను. అరువదేండ్ల మనిషి తల్లి మోకాళ్లపై తలపెట్టి ఏడ్చెను. తెల్లవారుజామున ఆమె కబురంపగా వచ్చినవాడు ఆ మూడువ్రేళ్లవాడే. వాడు ఏమియు అడుగలేదు, చాయ్ త్రాగి మిత్రుని ప్రక్కన కూర్చుండెను. పొద్దెక్కిన పిదప తన బండిపై నిజామాబాదు వైద్యుని కడకు తీసికొనిపోయెను. తరువాత నెలలకొలది ప్రతి సాయంకాలము వచ్చి కూర్చుండెను.

ఆ రాత్రితో నా పని ఏదియో నాకు తెలిసినది. నన్ను బ్రద్దలుకొట్టవలెనన్న గొడ్డలి చాలును. నా యినుము పర్వతము కాదు. నేను ఎవరిని ఆపజాలను, ఆలస్యము చేయగలను. కోపమునకైనను, దుఃఖమునకైనను, పసివాని కుతూహలమునకైనను పొంగు ఉన్నంతసేపే బలము; ఆ పొంగు చల్లారువరకు చేతికిని ఆయుధమునకును నడుమ అడ్డుపడియుండుటయే నా వృత్తి. ఆ నడిమి కాలములో ఒక తల్లి లేచి కూర్చుండవలెను; అది నా చేతిలో లేదు.

2019లో లోకసభ ఎన్నికలు వచ్చినవి. నిజామాబాదు స్థానమునకు 185 మంది నిలిచిరి. వారిలో ఎక్కువమంది పసుపు, ఎఱ్ఱజొన్న ధరలకై కడుపుమండిన రైతులే. ఎన్నికలకు ముందు లైసెన్సు తుపాకులను ఠాణాలో అప్పగించుట ఆనవాయితీ గనుక మా యజమానియు అప్పగించెను. ఫలితములు వచ్చిన పిదప ఊరివారు తమ తుపాకులను తెచ్చుకొనిరి. ఇతడు పోలేదు. లైసెన్సు గడువు ముగియబోవుచున్నదని గుర్తుచేసినవారికి, "ఇంక ఒద్దు," అని చెప్పి, చట్టప్రకారము దానిని వదులుకొనెను. మరుసటి ఏడు డిసెంబరులో, గోదావరికి ఆవలనున్న ఆదిలాబాదులో పిల్లల క్రికెట్టు తగవు పెద్దలకు ప్రాకి, ఒకరి లైసెన్సు తుపాకి పేలి, ఒక ప్రాణము పోయినదని విన్ననాడు, అతడు చాలసేపు తన చేతులవంక చూచుకొనెను.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రమున స్థిరపడిన అతని కూతురు ఫోనులో చెప్పు మాటలు గూడ నేను వినుచుందును. 2021 నవంబరు 30న అచ్చటి ఆక్స్‌ఫర్డ్ పాఠశాలలో పదునైదేండ్ల బాలుడు నలుగురు తోటి విద్యార్థులను కాల్చిచంపెనట. తుపాకి ఇంటిలో చేతికందునట్లు ఉండెనని ఆ బాలుని తల్లిదండ్రులిరువురిని 2024లో న్యాయస్థానములు దోషులనెనట. మైనరు పిల్లలున్నచోట తుపాకికి తాళము వేయవలెనను చట్టము అదే ఏడు ఫిబ్రవరినుండి ఆ రాష్ట్రమున అమలునకు వచ్చెనట. కొడుకును ఎవరింటికైనను ఆటకు పంపుటకు ముందు ఆమె ఆ యింటివారిని అడుగునట: "మీ యింట తుపాకి ఉన్నదా? తాళము వేసియున్నదా?" మొదట సిగ్గుగా నుండెడిదట, ఇప్పుడు లేదట. ఆ ప్రశ్నను ఆమె ఎవరినుండి నేర్చెనో నేను చెప్పనక్కరలేదు.

నాలో ఇప్పుడు పొలము పట్టాలు, పాత తూకపుచీట్లు, ముసలామె పట్టుచీర ఉన్నవి. మొన్నటి దసరానాడు మూడువ్రేళ్ల ముసలివాడు కర్రపట్టుకొని వచ్చెను. యజమాని చేతిలో జమ్మి పెట్టి కౌగిలించుకొని, పిదప లోనికి వచ్చి, మంచమున పండుకొనియున్న ముసలామె చేతిలోను రెండాకులు పెట్టి, చేయి చాచియుంచి, అలవాటు చొప్పున అడిగెను.

"తాళమేసిన్రా అమ్మా?"

ఆమె మాటాడలేదు. వణకు చేతితో బొడ్డు తడిమి, తాళపుచెవి అచ్చటనే ఉన్నదని చూపెను.