ఒకటో తారీఖు నుంచి కార్డు చెల్లదట!

"అతి ముఖ్య గమనిక! మాజీ సైనిక సోదరులారా! వచ్చే ఒకటో తారీఖు నుంచి ఈసీహెచ్ఎస్ కార్డులు చెల్లవు. డెబ్బై దాటినవారికి ఉచిత వైద్యం రద్దు. మందుల ఖర్చులో సగం మనమే పెట్టుకోవాలి. ఢిల్లీలో సంతకాలు అయిపోయాయి. కనీసం పదిమందికి పంపండి. జై హింద్!"

నెలకో, రెండు నెలలకో ఇలాంటిదొకటి వాట్సాప్‌లో దిగుతుంది. వివరాలు మారతాయి కానీ తారీఖు మారదు. వైద్యం ఏ పదిహేడో తారీఖునో రద్దవుతుందని ఇంతవరకు ఏ పుకారూ చెప్పలేదు. కింద ఓ బ్రిగేడియర్ గారి సంతకం ఉంటుంది. ఆయన పేరు పైన ఒకలా, కింద ఇంకోలా ఉంటుంది. నాలుగు సింహాల బొమ్మ సాగదీసి పెట్టడంతో సింహాలు కూడా కాస్త ఉబ్బినట్టు కనిపిస్తాయి.

సికింద్రాబాద్ సైనిక్‌పురిలో బయల్దేరిన మెసేజ్ మధ్యాహ్నానికల్లా పశ్చిమగోదావరిలోని మిలిటరీ మాధవరం చేరుతుంది. దీనికి హోదాలతో పనిలేదు. మాజీ సైనికుల వైద్యం చూసే అసలు ఈసీహెచ్ఎస్ పథకానికి ఆ పట్టింపు ఉంది. ఆస్పత్రిలో చేరితే హవల్దార్ వరకు జనరల్ వార్డు, సుబేదార్ సాబ్‌కి సెమీ ప్రైవేటు, ఆఫీసరు గారికి ప్రైవేటు గది. పుకారు మాత్రం అందరినీ ఒకే వార్డులో పడుకోబెడుతుంది.

నాకు ఈ పుకార్లు రాసేవాడంటే ఒకందుకు గౌరవం. ప్రభుత్వం మీద అతనికున్నంత నమ్మకం ఏ మంత్రికీ ఉండదు. రాత్రి ఢిల్లీలో సంతకం పడితే తెల్లారేసరికి దేశంలోని నాలుగు వందల పైచిలుకు పాలీక్లినిక్‌లన్నీ ఒక్కసారిగా అమలు చేసేస్తాయని అతని ఊహ. ఏ పాలీక్లినిక్‌లోనైనా ఒక్క పూట టోకెన్ పట్టుకుని కూర్చున్నవాడు ఈ మాట రాయగలడా? అక్కడ అడగాల్సిన మొదటి ప్రశ్న "సర్వర్ వచ్చిందా?" అనేది.

భయం మాత్రం ఉత్తదేం కాదు. ఈ పథకం మొదలైంది కూడా ఒకటో తారీఖునే, 2003 ఏప్రిల్ 1న. ఆ తేదీ చూసి అప్పట్లో ఎవరైనా ఏప్రిల్ ఫూల్ అనుకుని ఉంటే తప్పుపట్టలేం. పైగా ఇది ఊరికే ఇచ్చింది కాదు, చందా కట్టి చేరేది. 2017 చివర్లో సవరించిన లెక్క ప్రకారం హవల్దార్ వరకు 30 వేలు, నాయబ్ సుబేదార్ నుంచి సుబేదార్ మేజర్ వరకు 67 వేలు, ఆఫీసర్లకు లక్షా 20 వేలు. 1996కు ముందు రిటైరైనవాళ్లకు, యుద్ధంలో చనిపోయినవారి భార్యలకు మినహాయింపు. డబ్బు ముందే పుచ్చుకుని, 16 కేబీ కార్డిచ్చి, తర్వాత 32 కేబీది ఇచ్చి, అవి పనికిరావు 64 కేబీది తీసుకోమని గడువు పెట్టి, ఆ గడువును మళ్లీ మళ్లీ పొడిగించినవాళ్లు 'ఫలానా రోజు నుంచి కార్డు చెల్లదు' అంటే ముసలాయన నమ్మడా మరి?

ఖర్చు తగ్గించారా అంటే, కాగితం మీద లేదు. 2023-24 బడ్జెట్‌లో ఈ పథకానికి 5,400 కోట్ల పైచిలుకు ఇచ్చారు. మరుసటి ఏడాది 6,968 కోట్లు, 2025-26లో 8,317 కోట్లు. ఇంత స్పష్టంగా పెరుగుతుంటే కోత పుకారు ఎలా బతుకుతోంది? దానికి రోజూ పాలుపోసే చోటొకటి ఉంది. ప్రైవేటు ఆస్పత్రి రిసెప్షన్.

"ఈసీహెచ్ఎస్ బెడ్స్ ఖాళీ లేవండి సార్."

"ఎప్పుడు ఖాళీ అవుతాయమ్మా?"

"చెప్పలేమండి."

"డబ్బు కట్టి చేరతానంటే?"

"డీలక్స్ రూమ్ ఉంది సార్. ఏసీ."

ఆ అమ్మాయిని తిట్టి లాభం లేదు. పాత బిల్లులు రాలేదని పైనుంచి మాట వచ్చి ఉంటుంది. బాకీలు పేరుకుపోయాయని కొన్ని రాష్ట్రాల్లో ఆస్పత్రులు నగదు రహిత వైద్యం ఆపేసిన సందర్భాలున్నాయి. అసలు కోత పడేది ఇలా. దానికి లేఖ ఉండదు, సంతకం ఉండదు, ఒకటో తారీఖు దాకా ఆగదు. 'బెడ్ లేదు' అన్న రూపంలో వస్తుంది. పాలీక్లినిక్‌లో మందుచీటీ మీద 'ఎన్ఏ' అన్న రెండక్షరాల రూపంలో వస్తుంది. మందు లేదని దాని అర్థం. బయట కొనుక్కుని, బిల్లు పెట్టుకుని, డబ్బు వచ్చేదాకా ఆయుష్షు కాపాడుకోవాలి. 2015లో కాగ్ ఈ పథకం మీద ప్రత్యేకంగా ఓ నివేదికే ఇచ్చింది. మందుల కొరత, బిల్లుల తకరారు అన్నీ అందులో రాసుకొచ్చింది. దాన్ని పదిమందికి పంపినవాడు నాకింతవరకు తగల్లేదు. నివేదికలో ఆశ్చర్యార్థకాలు వాడరు, అదీ దాని లోపం.

సర్క్యులర్‌తో వచ్చిన కోతలూ లేకపోలేదు. సర్వీసులో దెబ్బతగిలినా ఓపికపట్టి పూర్తికాలం పనిచేసి రిటైరైన సైనికుడి డిజెబిలిటీ పింఛనుకు ఆదాయపన్ను మినహాయింపు వర్తించదని 2019 జూన్‌లో ఆదేశం వచ్చింది. ఆ వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. పుకారు రాసేవాళ్లకు మాత్రం అలాంటి విషయం రుచించదు. అర్థం చేసుకోవాలంటే రెండుసార్లు చదవాలి కదా.

ఇక ఖండనల సంగతి. 2025 నవంబర్‌లో 'ఫైనాన్స్ చట్టంతో రిటైరైనవాళ్లకు డీఏ పెంపు, పే కమిషన్ ప్రయోజనం పోయాయి' అని ఓ మెసేజ్ దేశమంతా తిరిగింది. కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ వాళ్లు అది అబద్ధమని ఎర్ర ముద్ర కొట్టారు. మా కాలనీ సుబేదార్ గారికి ఆ ముద్ర చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని తాపీగా చదివి, "ఇంత పనిగట్టుకుని ఖండించారంటే ఏదో ఉండే ఉంటుంది" అన్నారు. కాలనీలో చాలామంది ఆయన పక్షమే.

ఈ గోలలో నిజంగా బాగుపడేది ఒకడే. కార్డు పోతుందన్న మెసేజ్ ముందు వస్తుంది, వెనకాలే 'కార్డు రెన్యువల్‌కు ఇక్కడ నొక్కండి' అని లింకు వస్తుంది. తర్వాత హిందీలో మర్యాదగా మాట్లాడే గొంతు ఓటీపీ అడుగుతుంది. సర్వీసంతా సంత్రీ డ్యూటీలో "థమ్, కౌన్ ఆతా హై" అని నిలదీసినవాళ్లు ఆ గొంతుకు 'జీ సాబ్' అని ఆరంకెలూ అప్పజెబుతారు. ఆ మోసగాడు పెట్టే కోతకు గెజిట్ అక్కర్లేదు, పింఛను ఖాతా ఉంటే చాలు.

ఇంతా చేసి, మాజీ సైనికుడి వైద్యానికి నిజంగా పెట్టిన పెద్ద కోతలో రహస్యమేమీ లేదు. 2022 జూన్ 14న రక్షణమంత్రి త్రివిధ దళాధిపతులను పక్కన కూర్చోబెట్టుకుని కెమెరాల ముందు అగ్నిపథ్ ప్రకటించారు. నాలుగేళ్ల కొలువు. నూటికి పాతిక మందికి మించి ఉంచుకోరు. మిగిలినవాళ్ల చేతిలో సుమారు 11.71 లక్షల సేవానిధి పెట్టి సాగనంపుతారు. పింఛను లేదు, ఈసీహెచ్ఎస్ లేదు. మూడో రోజుకల్లా సికింద్రాబాద్ స్టేషన్లో రైలు బోగీలు తగలబడ్డాయి, కాల్పుల్లో ఓ కుర్రాడు చనిపోయాడు. ఆ వారమంతా మా కాలనీ గ్రూపులో చర్చ మాత్రం డెబ్బై దాటినవాళ్ల కార్డుల మీదే నడిచింది.

సుబేదార్ గారి మనవడు ఇప్పుడు అగ్నివీరుడు. మొన్న సెలవు మీద వచ్చాడు. తాతగారు తాజా మెసేజ్ వాడికి చదివి వినిపించి, "చూశావా, ఒకటో తారీఖు నుంచి అంతా తీసేస్తున్నార్రా" అన్నారు.

"దీంతో నాకేం పోతుంది తాతయ్యా?" అన్నాడు వాడు.

"నీకేం పోదులేరా" అన్నారాయన, వాట్సాప్ చూడటం మొదలుపెట్టాక మొట్టమొదటిసారి సరైన సమాచారం ఇస్తూ.