జోస్యం కాదప్పా, కథ!

మా రోజుల్లో భవిష్యత్తు మీద రాసిన నవల చేతికొస్తే, చదివినవాళ్ళమంతా కూర్చొని కొట్లాడుకునేవాళ్ళం. ఆ మనిషి అట్లా చేయడం న్యాయమా? ఆ దేశం అట్లా ఎందుకయింది? తప్పెవరిది? ఇప్పటివాళ్ళు అడిగేది ఒకటే: "అందులో చెప్పింది జరిగిందా?" జరిగింటే రచయిత మహానుభావుడు. జరగకపోతే పుస్తకం పాతది. కర్నూలులో చూసినా, కడపలో చూసినా ఇదే వరస.

మా రాయలసీమకు ఈ తెగులు పాతదే. బనగానపల్లెలో అచ్చమ్మగారి ఆవులు కాస్తూ రవ్వలకొండ గుహలో బ్రహ్మంగారు కాలజ్ఞానం రాసినారని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినోళ్ళం. కాలజ్ఞానంలో చెప్పినట్టు యాగంటి రాతి బసవన్న ఎంత పెరిగినాడో చూసొచ్చి చెప్పేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఫోన్లన్నీ కాలజ్ఞానమే: ఆయన ముందే చెప్పినాడు, ఇదిగో పద్యం అని. ఆ స్వామి మీద నాకు అపారమైన గౌరవం. అందుకే నాకు కడుపు మండేది. దూదేకుల సిద్దయ్యను దగ్గరకు తీసి శిష్యుణ్ణి చేసుకున్న మనిషి ఆయన. అంటరానివాడన్న కక్కయ్యకు బోధ చేసిన మనిషి. ఆ కాలంలో కులాన్ని ఎదిరించి నిలబడడం ఎంత పెద్ద పని! కందిమల్లాయపల్లెలో ఆయన మఠానికి పోయొచ్చిన పది మందిని అడగండి, సిద్దయ్య సంగతి మాట్లాడేది ఎందరు, ఏది జరిగింది ఏది జరగలేదు అని లెక్క చెప్పేది ఎందరు?

ఇప్పుడు సైన్స్ ఫిక్షన్‌కూ అదే గతి పట్టించినారు.

ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ 1895లో 'టైమ్ మెషీన్' రాసినాడు. ఎనిమిది లక్షల ఏండ్ల తర్వాత మనుషులు రెండు జాతులుగా చీలిపోతారు. పైన ఎండలో ఆడుకునే సుకుమారులు, కింద చీకట్లో యంత్రాలు తిప్పేవాళ్ళు. వెల్స్‌కు ఎనిమిది లక్షల ఏండ్ల సంగతి ఎందుకు? ఆయన కండ్ల ముందున్న లండన్‌లో పనిచేసేవాడు ఎక్కడున్నాడు, తినేవాడు ఎక్కడున్నాడు అన్నదే ఆ పుస్తకం. ఆ యంత్రాన్నే మన సింగీతం శ్రీనివాసరావుగారు 1991లో 'ఆదిత్య 369' సినిమా తీసి రాయలవారి కొలువులో దింపినారు. మా సీమ పేరులో ఉన్న రాయలవారు! ఎంత గొప్ప ఊహ! దాని మీద ఇప్పుడు జరిగే చర్చ ఏమంటే, కాలయంత్రం సాధ్యమా కాదా అని.

అది సాధ్యం కాదని వెల్స్‌కు తెలియదా?

ఇంకో బాపతు వాళ్ళుంటారు. ఏ నవల పేరెత్తినా "ఇదంతా మన పురాణాల్లో ఉన్నదే, పుష్పకం విమానం కాదా" అని తేల్చేస్తారు. రామాయణం తెరిచి ఇంజను వెతికేవాడికి సీత కష్టం కనపడదు. వాళ్ళతో వాదన పెట్టుకోవడం మానుకున్నాను.

నాకు ఎక్కువ బాధ కలిగించింది 'డ్యూన్'. నీళ్ళు కరువైన ఎడారి గ్రహం మీద ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో వేసిన పుస్తకం. సినిమాలు వచ్చినాక మా మనవడు దాని గురించి గంటసేపు చెప్పినాడు. వంశవృక్షం చెప్పినాడు, ఎన్ని భాగాలో చెప్పినాడు, అందులో వీరుడే అవతారపురుషుడని చెప్పినాడు. "నీళ్ళ సంగతేమిరా?" అంటే, "అది బ్యాక్‌గ్రౌండ్ జేజినాయనా" అన్నాడు. కడపలో పుట్టినవాడు, ఎండాకాలం ట్యాంకరు వెనక బిందెల వరస చూసినవాడు అనాల్సిన మాటేనా అది!

ఆ పుస్తకంలో ఒక ఘట్టముంది. ఎడారి పట్నంలో దొరగారి మేడ ముందర ఇరవై ఖర్జూరపు చెట్లు ఉంటాయి. ఒక్కో చెట్టు రోజుకు 40 లీటర్లు తాగుతుంది, మనిషికి కావలసింది 8 లీటర్లు. అంటే ఇరవై చెట్లు నూరు మంది నీళ్ళు తాగుతున్నాయి. దారిన పోయేవాళ్ళు ఆ చెట్లను ఎట్లా చూస్తారో హెర్బర్ట్ రాసినాడు. ఇంకోచోట విందు. వచ్చిన అతిథులు చేతులు కడుక్కొని నీళ్ళు నేల మీద విదిలించి, తువ్వాళ్ళు పడేయాలి. ఆ తడి తువ్వాళ్ళు పిండి బయట బిచ్చగాళ్ళకు పోయడం ఆనవాయితీ. కొత్తగా వచ్చిన దొర ఆ ఆచారం మాన్పిస్తాడు. ఈ రెండు పుటలూ చదివి మా సీమను మాడ్చిన ధాత కరువు, కరువులో పెట్టిన గంజి కేంద్రాలు గుర్తుకు రాని సీమవాడు ఆ పుస్తకం చదివినట్టు కాదు. అమెరికావాడికి ఇసుక చూడటానికి అందంగా ఉంటుంది. ఆ నీళ్ళ లెక్క మనకు అర్థమైనట్టు వాళ్ళకు అర్థం కాదు, ఈ మాట నేను ఎవరి ముందరైనా అంటాను. ఇక అవతారపురుషుడి సంగతి. నాయకుణ్ణి దేవుణ్ణి చేసుకుంటే ఏమవుతుందో చెప్పడానికే రాసినానని హెర్బర్ట్ మొత్తుకున్నాడు. 1969లో రెండో పుస్తకంలో ఆ వీరుడి పేరు మీద కోట్లమంది చచ్చినారని రాసినాడు. అయినా చప్పట్లు ఆగలేదు.

చదివితే కదా తెలిసేది! మేము అద్దె పుస్తకాల అంగట్లో తెచ్చుకొని, వారపత్రికల్లో సీరియల్ కోసం వారమంతా కాచుకొని చదివినాం. యండమూరి 'చీకట్లో సూర్యుడు' చేతులు మారీ మారీ అట్ట ఊడిపోయేది. విశాలాంధ్రలో రష్యా పుస్తకాలు తెలుగులో, మంచి కాగితం మీద, చవగ్గా దొరికేవి. ఇప్పుడు పది నిమిషాల వీడియో చూసి ముగింపుకు అర్థం ఇదీ అని పక్కవాడికి చెప్తున్నారు. అర్థం ముందు తెలిసిపోయినాక ఇంక పుస్తకం తెరిచేదెందుకు?

అమెరికా రచయిత రే బ్రాడ్‌బరీ 1953లో 'ఫారెన్‌హీట్ 451' రాసినాడు, పుస్తకాలు తగలబెట్టే కాలం గురించి. లోకమంతా అది ప్రభుత్వ నిషేధాల మీద నవల అన్నది. ముసలితనంలో ఆయన, అది నిషేధాల మీద కాదు, టీవీ మీద అన్నాడు. అప్పటి నుంచి రెండు జట్లు. పుస్తకంలోకి పోయి చూస్తే తగవే లేదు. పుస్తకాలు కాల్చే అధికారి తన నోటితోనే చెప్తాడు: ముందు జనం చదవడం మానేసినారు. గ్రంథాలను పావుగంట నాటకాలుగా, తర్వాత రెండు నిమిషాల ముచ్చటగా, ఆఖరుకు పది పన్నెండు పంక్తులుగా కుదించినారు. మంట ఆ తర్వాత వచ్చింది. చూసినారా, మన వీడియోల గురించి ముందే చెప్పినాడు అంటారేమో, నేను ఒప్పుకోను. ఆయన తన కాలంలో అంగట్లో అమ్ముతున్న సంక్షిప్తాలను చూసి కోపంతో రాసినాడు. ఆ కోపమే మనకు కావలసింది.

2024లో 'కల్కి 2898 ఏడీ' సినిమా వచ్చింది. కింద కాశీలో దుమ్ము, దరిద్రం. పైన కాంప్లెక్స్‌లో నీళ్ళు, పచ్చదనం, డబ్బున్నవాళ్ళు. మా వీధి పిల్లలు నెల రోజులు మాట్లాడుకున్నది అశ్వత్థామ గురించి, రెండో భాగం గురించి. నీళ్ళు పైకి ఎట్లా పోయినాయని అడిగినవాడు నాకు కనపడలేదు.

నీళ్ళ కథకు మనం దూరం పోనక్కరలేదు. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా పారే కె.సి. కెనాల్‌ను ఒక ప్రైవేటు కంపెనీ లాభం కోసం తవ్వించింది. లాభం రాకపోతే 1882లో సర్కారు కొనింది. ఇంతకంటే మంచి ముడిసరుకు ఏ రచయితకు దొరుకుతుంది? రెండు వందల ఏండ్ల తర్వాత ఆ కాలువ ఎట్లుంటుందో నవల రాసే కుర్రవాడు కర్నూలులోనో నంద్యాలలోనో ఉంటే నా దగ్గరకు రమ్మనండి. అట్లా జరుగుతుందా అని నేను అడగను. సుంకేసుల గేటు తాళం ఎవరి చేతిలో పెట్టినావు, ఎందుకు పెట్టినావు అని అడుగుతాను.