గోడకుర్చీ

మా లెక్కల మాస్టారి దగ్గర శిక్షలు నాలుగే. ఎక్కం తప్పితే గోడకుర్చీ, ఇంటిపని ఎగ్గొడితే గుంజీలు, పక్కవాడితో మాట్లాడితే బెంచీ ఎక్కడం, నవ్వితే ఒంటికాలు. నలభై ఏళ్ళ తర్వాత ఫిజియోథెరపిస్టు అమ్మాయి "అంకుల్, గోడకి వీపు ఆనించి, లేని కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోండి" అనగానే నా కళ్ళు చెమర్చాయి. "ఇది నాకు వచ్చమ్మా" అన్నాను. సిట్టింగుకి ఐదొందలు. మాస్టారు ఉచితంగానే చేయించేవారు.

అక్కడిదాకా తెచ్చింది అలిపిరి దారి. 3,550 మెట్లు ఎక్కి, దర్శనం చేసుకుని, "బస్సులో దిగుదామండీ" అన్న మా ఆవిడ మాట వినకుండా మెట్ల మీదే దిగాను. ఎక్కేవాడికి ఆయాసం గానీ దిగేవాడికేముంది అనుకున్నాను. రెండోనాటి పొద్దున కమోడ్ మీద కూర్చోబోయి సగంలో ఆగిపోయాను. కిందికి వెళ్ళలేను, పైకి రాలేను.

ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుంచించుకుంటూ పనిచేస్తుందట. దిగేటప్పుడు మాత్రం ఒకపక్క సాగుతూ, ఇంకోపక్క బిగబట్టాలి. పూడిక తీసే మనిషిని తాడు కట్టి బావిలోకి దించేటప్పుడు పైన పట్టుకున్నవాళ్ళ అరచేతులు ఏమవుతాయో, తొడలోని పోగులకీ అదే అవుతుంది. నొప్పి అప్పటికప్పుడు రాదు. ఒకటి రెండు రోజులాగి వడ్డీతో సహా వస్తుంది. గుంజీలు తీసిన మర్నాడు నడవలేక బడి ఎగ్గొట్టడం, ఎగ్గొట్టినందుకు మళ్ళీ గుంజీలు తీయడం నాకప్పట్లో అర్థంకాని చక్రం.

"నిటారుగా, హాయిగా నిలబడండి" అని ఆ అమ్మాయి నా మోకాలి చిప్పని రెండు వేళ్ళతో అటూ ఇటూ జరిపింది. తడి చేతిలో సబ్బుబిళ్ళలా జారింది. "ఇప్పుడు కాస్త మోకాలు వంచండి." చిప్ప మేకు కొట్టినట్టు బిగుసుకుంది. (మీరూ చేసి చూడండి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు.) అంటే తిన్నగా నిలబడ్డవాడి తొడ కండరం దాదాపు కునుకు తీస్తోందన్నమాట. ఒంటి బరువు మోకాలికి రవ్వంత ముందునుంచి దిగుతుంది. మోకాలు వెనక్కి విరగబడకుండా లిగమెంట్లు పట్టుకుంటాయి. కాలు పూర్తిగా చాపే చివరి క్షణంలో తొడ ఎముక కాస్త లోపలికి తిరిగి గడియ కూడా పడుతుంది. ఆ గడియ తీయడానికి మోకాలి వెనక పాప్లిటియస్ అనే చిన్న కండరం ఉంది.

బెంచీ మీద పీరియడంతా నిలబడ్డా నాకేమీ కాకపోవడానికీ, గోడకుర్చీలో అర నిమిషానికే ఒణుకు పుట్టడానికీ ఈ గడియే తేడా. దీని గుట్టు ప్రార్థనలో నా వెనక నిలబడేవాడికి ఎప్పుడో తెలుసు. తన మోకాలితో నా మోకాలి వెనక ఒక్క పోటు పొడిచేవాడు. గడియ ఊడిపోయి, తొడ నిద్రలేచేలోగా, ప్రతిజ్ఞ మధ్యలో నేను దేశానికి సాష్టాంగపడేవాణ్ణి.

మరి నిలబడ్డప్పుడు చాకిరీ ఎవరిది? పిక్కలది. బరువు చీలమండకి ముందు పడుతుంది కాబట్టి మనిషి ఎప్పుడూ బోర్లా పడబోతూనే ఉంటాడు, పిక్క వెనక్కి లాగుతూనే ఉంటుంది. రాయిలా నిలబడ్డామనుకుంటాం గానీ సన్నగా ఊగుతుంటాం. పారిపోయినవాణ్ణి పిక్కబలం చూపించాడని వెక్కిరిస్తాం కదా, పారిపోకుండా ఉన్నచోట ఉండటానికీ ఆ బలమే కావాలి. కాళ్ళలోని రక్తాన్ని పైకి నెట్టే పని కూడా దానిదే, కాకపోతే కాస్త కదిలితేనే. ఆగస్టు 15న ముఖ్య అతిథి ప్రసంగం సాగేకొద్దీ కళ్ళు తిరిగి పడేవాడు ఎప్పుడూ బుద్ధిమంతుడే. కాళ్ళు మార్చుకుంటూ మెలికలు తిరిగే మాలాంటివాళ్ళం ఒక్కసారీ పడలేదు.

ఇక ఒంటికాలు. నడకంటే అదే. ఒక కాలు నేల తాకిన దగ్గర్నుంచి మళ్ళీ తాకేదాకా చూస్తే, సుమారు 60 శాతం సేపు నేలమీద, 40 శాతం సేపు గాల్లో. ఒకటి గాల్లో ఉన్నంతసేపూ మనది ఒంటికాలి బతుకే. ఆధారం లేని వైపు నడుము వాలిపోకుండా, నేలమీదున్న వైపు పిరుదు పక్క కండరం లాగి పడుతుంది. అది నీరసిస్తే నడుము ఎలా వాలుతుందో ట్రెండెలెన్‌బర్గ్ అనే జర్మన్ సర్జన్ 1895లో రాశాడు. మా మాస్టారు రాయలేదంతే. ఆ లాగుడు కూడా కలిసి తుంటి కీలు మీద ఒంటి బరువుకి రెండున్నర రెట్ల దాకా పడుతుంది. నా 78 కిలోలకి లెక్కేస్తే రెండున్నర ధాన్యం బస్తాలు, అడుగడుక్కీ. అందుకే చేతికర్ర తుంటి నొప్పి ఉన్న వైపు కాకుండా రెండో చేత్తో పట్టుకోవాలట. ఇది తెలిశాక సినిమాలో ముసలి తండ్రి కుంటుతూ రాగానే కథ వదిలేసి కర్ర ఏ చేతిలో ఉందో చూస్తున్నాను.

ఇంట్లో రోజూ గోడకుర్చీ వేస్తున్నాను. మాస్టారు గడియారం చూసేవారు కాదు, పంతొమ్మిదో ఎక్కం అప్పజెప్పించేవారు. అయ్యేదాకా లేవకూడదు. నాకూ అదే కొలత మిగిలింది. పంతొమ్మిది ఏడ్ల దగ్గర ఇప్పటికీ తొడలు ఒణికిపోతాయి.

వారం తర్వాత ఆ అమ్మాయి ఫైలు తిరగేస్తూ "ఎందాకా ఆగగలుగుతున్నారంకుల్?" అంది.

"పంతొమ్మిది ఏడ్ల దాకా."

"అంటే ఎంత?"

అచ్చం మాస్టారు అడిగినట్టే అడిగింది. నోరు దానంతటదే పలికేసింది. "నూట ముప్పై మూడు."

ఫైల్లో 133 సెకన్లు అని రాసుకుని కళ్ళు పెద్దవి చేసింది. "సూపరంకుల్! అయితే రేపట్నుంచి చేతుల్లో రెండేసి కిలోలు పట్టుకుని కూర్చోండి."

ఎక్కం సరిగ్గా చెప్పినందుకు శిక్ష పెరగడం నాకదే మొదటిసారి.