వేపచెట్టుకు మేకేసిన హరితం

మా వార్డు అభ్యర్థి పచ్చదనం కోసం నిలబడ్డాడన్న సంగతి అందరికంటే ముందు మా సందు మొగలోని వేపచెట్టుకు తెలిసింది. ఆ మాట అచ్చేసిన ఫ్లెక్సీని దాని ఒంటికే మేకులతో దిగ్గొట్టారు మరి. ఫ్లెక్సీలో అన్న చేతిలో మొక్క, అన్న వెనక అడవి, అడవి వెనక జలపాతం. హైదరాబాద్ శివారులో మాకు జలపాతం కనిపించేది మంచినీళ్ల పైపు పగిలినప్పుడే. కింద పెద్దక్షరాలతో ‘పచ్చని వార్డు, నడిచే వార్డు’ అని ఉంది. వార్డు నడిచి ఎక్కడికి పోతుందో రాయలేదు.

కరపత్రంలో మొదటి హామీ కాలనీకో పార్కు. అది చదివి మా కాలనీ పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాకు పార్కు లేదు. లేనందుకు రసీదు ఉంది. శివార్లలో ప్లాటు కొన్నవాళ్లకు ఈ రసీదు కథ విడమరచి చెప్పక్కర్లేదు. వెంచర్ వేసినాయన పార్కు కోసం వదలాల్సిన జాగాను కూడా ప్లాట్లుగా కోసి అమ్ముకుని వెళ్లిపోతాడు. కొన్నేళ్లకు సర్కారు ఎల్ఆర్ఎస్, అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, తెస్తుంది. 2020 నాటి పథకంలో అలాంటి లేఅవుట్లలో కొన్నవాళ్లను ఖాళీ స్థలం లేనందుకు ప్లాటు విలువలో 14 శాతం కట్టమన్నారు. అమ్మినవాడు కాదు, కొన్నవాడు కట్టాలి. కడితే పార్కు వస్తుందా అంటే రాదు, అది లేకపోవడం సక్రమమవుతుంది. 2025లో గడువులోగా కట్టినవాళ్లకు 25 శాతం రిబేటు కూడా ఇచ్చారు. ఆషాఢంలో చీరల మీద తగ్గింపు చూశాం కానీ, నీడ లేకపోవడం మీద తగ్గింపు చూడటం అదే మొదలు. నేనూ కట్టాను. రసీదు బీరువాలో భద్రంగా ఉంది. పిల్లలు సందులో కార్ల మధ్య క్రికెట్ ఆడుకుంటున్నారు.

“పార్కు ఎక్కడ కడతావు నాయనా?” అని మా ఎదురింటి పెద్దాయన అడిగాడు.

“జాగా చూపించండి అంకుల్, చేసి పెట్టే పూచీ నాది” అన్నాడు అభ్యర్థి.

జాగా ఏమైందో అతనికి తెలియక కాదు. రాజకీయాల్లోకి రాకముందు అతను చేసింది వెంచర్ల వ్యాపారమే.

రెండో హామీ ఇంటికి ఆరు మొక్కలు. దీన్ని వెక్కిరించడానికి నాకు మనసొప్పదు, ఎందుకంటే దీని వెనక చట్టమే ఉంది. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019లో వచ్చింది. బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి పెట్టాలనీ, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలనీ, ఆ బాధ్యత వార్డు ప్రతినిధి మెడకూ చుట్టుకుంటుందనీ అందులో ఉంది. అంత గట్టి చట్టాన్ని మా వార్డు ఎలా గౌరవించిందంటే, మొక్క చచ్చినా గుంతను బతికించింది. వాటర్ ట్యాంకు పక్కన ఒక గుంత ఉంది. ఒక ఏడాది అందులో కానుగ, మరుసటి ఏడాది బాదం, ఆపై ఏడాది ఏదో పూలమొక్క. ప్రతి వానాకాలం ఆ గుంతకు పూలదండలు, కొబ్బరికాయ, ఫొటోలు. ట్రీగార్డు మాత్రం మొదటిదే. దాని మీద దాత పేరున్న రేకు అన్ని ఏడాదుల మొక్కలకంటే వెడల్పు. ఆ రేకు నీడ ఒక కుక్కకు సరిపోతుంది.

అన్నట్టు, మొక్కల్లో మా వాళ్లకు ప్రాణం కోనోకార్పస్. మేక ముట్టదు, నీళ్లు అడగదు, పదవీకాలం ముగిసేలోపు ఫొటోలో నిండుగా పడేంత ఎత్తు పెరుగుతుంది. రాజకీయానికి ఇంతకంటే అనువైన జాతి భూమ్మీద లేదు. దాని వేర్లు పైపుల్లో దూరతాయనీ, పుప్పొడి పడదనీ గోల మొదలయ్యాక, ఒకప్పుడు నాటిన చేతులే నరకడానికి టెండర్లు పిలిచాయి. 2024లో వనమహోత్సవం వేళ ఆంధ్రప్రదేశ్ ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కూడా ఆ మొక్క వద్దని చెప్పారు. నాటినప్పుడొక బిల్లు, నరికినప్పుడొక బిల్లు. వేప, చింత, కానుగ అంటే పెరగడానికి పదేళ్లు కావాలి. పదేళ్లంటే రెండు ఎన్నికలు. అవతలి పార్టీవాడు వచ్చి మన చెట్టు కింద కూర్చుంటే?

మా అభ్యర్థి ఒక్కణ్ణే ఆడిపోసుకోవడమూ న్యాయం కాదు. 2022 అక్టోబర్‌లో దక్షిణ కొరియాలోని జెజులో మన హైదరాబాద్ ప్రపంచ హరిత నగరం అవార్డు అందుకుంది. 2025 ఏప్రిల్‌లో అదే హైదరాబాద్‌లో, కంచ గచ్చిబౌలిలో చెట్లు కూలుస్తున్న బుల్డోజర్లను ఆపడానికి సుప్రీంకోర్టు దిగిరావలసి వచ్చింది. గురువుగారి తరగతి అలా నడుస్తుంటే శిష్యుడు ఫ్లెక్సీలో జలపాతం పెట్టాడంటే తప్పేముంది?

ఇక నడక. మూడో హామీ వాకింగ్ ట్రాక్. మా శివారులో నడక అనేది ప్రయాణం కాదు, వైద్యం. డాక్టర్ రాసిస్తే చేసేది. అందుకే పొద్దున్నే కారెక్కి, మూడు కిలోమీటర్ల అవతలున్న పార్కుకు వెళ్లి, గుండ్రంగా ఎనిమిది చుట్లు తిరిగి, మళ్లీ కారెక్కి వస్తాం. పాలపాకెట్టుకు బండి. బస్టాపుకు ఆటో. నాలుగు వందల మీటర్లు నడవడానికి ఎందుకింత భయమో అభ్యర్థికి ఒకసారి చూపించాలని నాకు కోరిక. పెద్దరోడ్డు ఎక్కగానే ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్. దాన్ని దాటితే ఎవరిదో ఇసుక కుప్ప, దాని పక్కన షోరూమ్ వాళ్ల గ్రానైట్ మెట్లు. తరవాత మూత లేని మ్యాన్‌హోల్, అందులో ఎవరో పుణ్యాత్ముడు హెచ్చరికగా నిలబెట్టిన చెట్టుకొమ్మ. మా వార్డులో బాగా కనిపించే పచ్చదనం అదే.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదు. మా దగ్గర అంచు మోకాలెత్తు. మోకాళ్ల నొప్పులకు నడవమన్నారని బయల్దేరిన పెద్దాయన దాన్ని ఎక్కలేక రోడ్డు మీద లారీలతో పాటు నడుస్తాడు. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికి, అంటే ప్రాణహక్కు కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. మా రోడ్డు చూసినవాళ్లెవరికైనా ఆ అధికరణమే ఎందుకు తట్టిందో వెంటనే అర్థమవుతుంది.

ఫుట్‌పాత్ ఖాళీ చేయించాలని ఎవరైనా గొంతెత్తితే ముందు లేచేది టిఫిన్ బండి. వీధి వ్యాపారులకు 2014లో పార్లమెంటు చేసిన చట్టం ఉంది, వాళ్లకు చోటు చూపించాలని అందులో ఉంది. అయినా లారీ ఎక్కేది ఇడ్లీ పాత్రే, గ్రానైట్ మెట్లు ఎక్కవు. నిజానికి ఆ బండి దగ్గర రాత్రి పదింటిదాకా దీపం వెలుగుతుంది కాబట్టే ఆడపిల్లలు బస్సు దిగి ధైర్యంగా ఇంటికి వస్తున్నారు. ఆ రోడ్డులో పాదచారులకు ఉన్న ఏకైక సౌకర్యం అదే అనుకుంటాను.

కరపత్రం రెండుసార్లు చదివాను. అందులో అన్నీ కట్టేవే. ట్రాక్ కడతాడు, ఓపెన్ జిమ్ కడతాడు, ‘ఐ లవ్’ అని వార్డు పేరు వెలిగే అక్షరాలు కడతాడు. తీసేస్తానన్నది ఒక్కటీ లేదు. మెట్లు తీస్తాను, ర్యాంపులు తీస్తాను, ట్రాన్స్‌ఫార్మర్ జరిపిస్తాను అనే మాట ఎక్కడా కనపడదు. కనపడదు కూడా, ఎందుకంటే ప్రతి ర్యాంపు వెనక ఒక గేటుంది, గేటు వెనక నాలుగు ఓట్లున్నాయి.

ఆ సాయంత్రం అభ్యర్థి మా ఇంటికీ వచ్చాడు. మా గేటు ముందు ర్యాంపు మీద నిలబడి, రెండు చేతులూ జోడించి, ఫుట్‌పాత్‌లన్నీ ఖాళీ చేయిస్తానని మాటిచ్చాడు. అతను వెళ్లాక టేపు తెచ్చి కొలిచాను. ఆ ర్యాంపు రోడ్డు వైపు నాలుగున్నర అడుగులు ముందుకొచ్చి ఉంది.