ఏడు సెంట్ల గరిక

గడ్డి పెంచడానికి అమెరికా వచ్చానని మా ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. సాఫ్ట్‌వేర్ అనే చెప్పాను. అదీ నిజమే. కానీ డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు కొన్నవాడికి అసలు ఉద్యోగం శనివారం పొద్దున మొదలవుతుంది. ఇంటి ముందూ వెనకా కలిపి మూడు వేల చదరపు అడుగుల గడ్డి. దాన్ని పెంచాలి, పెరిగాక కొయ్యాలి, కోసింది పారెయ్యాలి. తినడానికి గొడ్డు లేదు. గొడ్డును తెచ్చుకుంటానంటే హెచ్‌ఓఏ అనే కాలనీ సంఘం ఒప్పుకోదు. గడ్డి మానేస్తానంటే అసలే ఒప్పుకోదు.

ఆ సంఘం నుంచే ఉత్తరం వచ్చింది. తమరి పచ్చిక పసుపురంగులో ఉన్నది, త్వరలో పచ్చబడనిచో జరిమానా తప్పదు అని సారాంశం. సరిగ్గా ఆ వారమే మా మామగారు విజిటర్ వీసా మీద దిగారు. చిలకలూరిపేట దగ్గర నల్లరేగట్లో పత్తీ మిర్చీ పండించిన మనిషి. జెట్‌లాగ్ తీరకముందే తెల్లవారుజామున లేచి, పంచె ఎగ్గట్టి, లాన్ మధ్యలో గొంతుక్కూర్చుని ఒక పోచ పీకి చూశారు.

"అల్లుడుగారూ, ఇది గరికండీ."

"బెర్ముడా అంటారు మావయ్యగారూ."

"ఏమన్నా అననివ్వండి. గరికే."

ఆయన మాటకు తిరుగు లేదు. శాస్త్రవేత్తలు సైనోడాన్ డాక్టిలాన్ అనేది రెండు చోట్లా దీన్నే. మన దగ్గర వినాయక చవితి నాడు పత్రిలో చేరి పూజలందుకుంటుంది, మర్నాటి నుంచి పార దెబ్బలు తింటుంది. వేసవి దుక్కి లోతుగా దున్ని, దీని వేళ్లు ఏరి గట్టుమీద ఎండబెట్టడంలోనే మామగారి సగం జీవితం గడిచింది. అలాంటి గరికని నేను చాపల్లా చుట్టి అమ్ముతుంటే కొని, కూలీలతో పరిపించుకున్నానని తెలిశాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ఎంతైంది?" అని మాత్రం అడిగారు. వెనకనుంచి మా ఆవిడ చెప్పొద్దని సైగ చేసింది.

తర్వాత మట్టి తీసి, తడిపి, వేళ్ల మధ్య పట్టీలా సాగదీశారు. "ఇది మన రేగడేనండీ!" విమానంలో ఇంత దూరం వచ్చి మళ్లీ అదే మట్టిలో కాలు పెట్టినందుకు ఆయనకి సంతోషమో, టికెట్ డబ్బులు దండగైన బాధో నాకు అర్థం కాలేదు. మట్టి విషయంలోనూ ఆయన మాట నిజమే. డాలస్ చుట్టుపక్కల నేలని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. గుంటూరు నల్లరేగడీ ఇదీ వర్టిసాల్ అనే ఒకే తెగ నేలలు. తడిస్తే ఉబ్బుతాయి, ఎండితే నెర్రెలిస్తాయి. ఒకప్పుడు ఇక్కడ పండిందీ పత్తే. ఇప్పుడు ఇళ్లు పండుతున్నాయి. వేసవిలో ఈ మట్టి కుంచించుకుపోయి పునాదులు పగులుతాయని ఇక్కడివాళ్లు ఇంటి చుట్టూ సన్నచిల్లుల పైపు పరిచి పునాదికి నీళ్లు పెడతారు. మామగారికి అది చూపిస్తే, "ఇంటికి తడి పెడతారా! ఎన్నిరోజులకోసారి?" అని సీరియస్‌గా అడిగారు.

ఇక వైద్యం సంగతి. పసుపు గడ్డికి సలహాలు సంచుల రూపంలో వచ్చాయి. జార్జియా నుంచి మారి వచ్చిన పక్కింటాయన సున్నం వెయ్యమన్నాడు. అక్కడి ఆమ్ల నేలలకు అది అమృతమే మరి. మామగారు జిప్సం అన్నారు, వాళ్ల ఊళ్లో చౌడుకు అదే మందు. ఇంటి పాత యజమాని పెట్టుకున్న లాన్ కంపెనీ మాత్రం ఏళ్ల తరబడి నత్రజని, భాస్వరం, పొటాష్ కలిసిన మూడంకెల ఎరువు సంచి ఒకటి తెచ్చి కుమ్మరించి పోతుండేదట. మా ఆవిడ ఎవరి పక్షమూ వహించకుండా, "ముందు భూసార పరీక్ష చేయించండి, తర్వాత కొట్టుకోండి" అంది.

నమూనా తీయడంలో మామగారిని మించినవారు లేరు. లాన్ మీద జిగ్‌జాగ్‌గా నడుస్తూ పది పదిహేను చోట్ల పైన గడ్డి తీసేసి, ఆరంగుళాల లోతున తవ్వించారు. నేను ఇనప బక్కెట్ తెస్తే వెనక్కి పంపారు. జింకు పూత బక్కెట్లో మట్టి కలిపితే జింకు లెక్క తప్పొస్తుందట, ప్లాస్టిక్‌దే కావాలి. మట్టంతా కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేసి, మిగిలినవి మళ్లీ కలిపి, అరకిలో మిగిలేదాకా అదే పని. లుంగీ కట్టుకున్న పెద్దాయన మట్టిని భాగాలు పంచుతుంటే ఎదురింటావిడ కర్టెన్ తీసి మరీ చూసింది. ఏదో కర్మకాండ అనుకుని ఉంటుంది. పొట్లం కాలేజ్ స్టేషన్‌లోని టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ ల్యాబుకు పంపాం.

రిపోర్టు ఈమెయిల్లో వచ్చింది. ప్రింటు తీసి ఇస్తే మామగారు కళ్లద్దాలు తుడుచుకుని, కవులు పద్యం చదివినట్టు పైకి చదివారు. పీహెచ్ 8.1. ఇక సున్నం మాట ఎత్తనక్కర్లేదు, నేలే సగం సున్నం. సోడియం తక్కువ, అంటే చౌడు లేదు, జిప్సం దండగ. ఇక్కడ ఆయన గొంతు కాస్త తగ్గింది. పొటాష్ పుష్కలం. భాస్వరం గీత ప్రింటులో అంచుదాకా పోయింది. "ఇదేందండీ, ఇక్కడెవరో డీఏపీ పాతరేశారు!" నత్రజని మాత్రం నిండుకుంది. సిఫార్సు ఒక్క వాక్యం: వెయ్యి చదరపు అడుగులకు ఒక పౌను నత్రజని, భాస్వరం సున్నా, పొటాష్ సున్నా.

నాకు నిరాశే కలిగింది. డబ్బు కట్టి పరీక్ష చేయించుకుంటే నత్రజని తప్ప "ఏమీ వేయకు" అని చెప్పే కాగితం ఇచ్చారు. ఈ దేశంలో ఏదీ అమ్మచూపని కాగితం చేతికి రావడం చాలా అరుదు.

మామగారు నోటిలెక్క వేశారు. మూడు వేల అడుగులంటే దాదాపు ఏడు సెంట్లు. అమ్మోనియం సల్ఫేట్‌లో నత్రజని 21 శాతం కాబట్టి పద్నాలుగు పౌన్ల పైచిలుకు, అంటే ఆరున్నర కిలోలు. యూరియా అయితే అందులో సగానికి తక్కువే చాలు గానీ, ఇంత పీహెచ్ ఉన్న నేల మీద చల్లి తడి పెట్టకపోతే నత్రజని గాలికి పోతుందని వద్దన్నారు. ఇద్దరం దుకాణానికి వెళ్లాం. సంచి తీసుకుని, డబ్బు కట్టి బయటికొచ్చాం. మామగారు పార్కింగ్‌లో ఆగిపోయారు.

"వేలిముద్ర వేయించుకోలేదేందండీ?"

"అవసరం లేదు మావయ్యగారూ."

"ఆధార్ కూడా అడగలా. క్యూ కూడా లేదు." దారంతా వెనక సీటులో ఆ సంచి వంక అనుమానంగా చూస్తూనే ఉన్నారు, ఎవరైనా వచ్చి లాక్కుంటారేమో అన్నట్టు.

ఎరువు వేశాక గడ్డి పెరిగింది గానీ పసుపు పూర్తిగా పోలేదు. ఆయన మళ్లీ గొంతుక్కూర్చున్నారు. ముదురాకు పసుపైతే నత్రజని లోపం, లేతాకు పసుపై ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము లోపం. ఇది రెండోది. రిపోర్టులో ఇనుము బాగానే ఉందిగా అన్నాను. "ఉంది. నగలన్నీ ఇనప్పెట్టెలో ఉన్నాయి, తాళంచెవి మీ అత్తగారి బొడ్లో ఉంది" అన్నారు. పీహెచ్ ఎనిమిది దాటితే ఇనుము మట్టిలోనే బిగుసుకుపోతుంది, వేరుకు అందదు. మరి గంధకం వేసి పీహెచ్ దించుదామా అంటే, ఇంత సున్నం ఉన్న నేలలో లారీలకొద్దీ పోసినా అది కదలదట. ఆకు మీద కొట్టడమే దారి. వేరుశనగకు కొట్టినట్టే, లీటరు నీళ్లకు అయిదు గ్రాముల అన్నభేది, గ్రాము నిమ్మ ఉప్పు. అన్నభేది ఫెర్రస్ సల్ఫేట్ పేరుతో లాన్ దుకాణంలో, నిమ్మ ఉప్పు ఇండియన్ స్టోర్‌లో దొరికాయి.

పది రోజుల్లో గడ్డి ముదురాకుపచ్చకు తిరిగింది. దాంతోపాటు కాలిబాట కాంక్రీటు మీద స్ప్రే తుంపర్లు పడినచోటల్లా తుప్పు మచ్చలు తేలాయి. హెచ్‌ఓఏ వారు రెండో ఉత్తరంలో పచ్చిక విషయమై సంతోషం వెలిబుచ్చి, కాలిబాట విషయమై సంజాయిషీ కోరారు.

గడ్డి సంగతి వాట్సాప్ గ్రూపులో పొక్కింది. ఆదివారం సాయంత్రాలు మా గరాజ్ క్లినిక్ అయింది. టీమ్ లీడ్‌లూ ఆర్కిటెక్టులూ రిపోర్టులు పట్టుకుని మడత కుర్చీల్లో వరసగా కూర్చునేవారు. అందరిదీ ఒకే రేగడి, ఒకటే జబ్బు: పీహెచ్ ఎక్కువ, భాస్వరం ఎక్కువ. మామగారు "నత్రజని తప్ప ఏమీ వెయ్యొద్దు, పొండి" అనేవారు. మందు రాయని డాక్టర్ని మనవాళ్లు నమ్మరు కదా, మొహాలు ముడుచుకుని వెళ్లేవారు. అది గమనించి, పోయేవాళ్లను వెనక్కి పిలిచి "పునాదికి మాత్రం తడి ఆపొద్దు" అని చేర్చడం మొదలుపెట్టారు. అప్పట్నుంచి అందరూ తృప్తిగా వెళ్లారు.

జూలైలో ఒకరాత్రి మా ఆవిడ అన్నం వడ్డిస్తూ అడిగింది. "నాన్నా, మన పొలానికీ భూసార కార్డు ఇచ్చారుగా?"

ఇచ్చారు. 2015లో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైన కేంద్ర పథకం అది. పన్నెండు అంశాల లెక్కలు, ఏ పైరుకు ఎంత వెయ్యాలో సిఫార్సు, అన్నీ అచ్చేసి ఇస్తారు. ఆ కార్డు బీరువాలో పెళ్లిపట్టుచీరల కింద భద్రంగా ఉందట. అందులో భాస్వరం ఎంతని అడిగితే మామగారు ఆవకాయ ముక్క మీద దృష్టి పెట్టారు.

భోజనమయ్యాక ఫోన్ చేశారు. ఇక్కడ రాత్రి, అక్కడ పొద్దున. పొలం కౌలుకు చేస్తున్న మనిషి ఎత్తాడు. మామగారు స్పీకర్ పెట్టి, గరాజ్ గొంతుతో నేలలో భాస్వరం పేరుకుపోవడం గురించి వివరంగా చెప్పారు. ఈసారి పత్తికి డీఏపీ వెయ్యొద్దని ఖరాఖండిగా తేల్చారు.

అవతల కాసేపు నిశ్శబ్దం. "అట్టాగేనండీ. పక్కచేను ఆయనైతే ఎకరానికి రెండు కట్టలేశాడు మరి."

మామగారు మా ఆవిడ వంక చూశారు, నా వంక చూశారు, స్పీకర్ ఆపేసి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వరండాలోకి నడిచారు.

"అయితే ఒక కట్ట వెయ్యి."