పుటప్‌రావు గారు

కలెక్టరేట్‌లో ఏ సెక్షన్‌కి వెళ్లినా ఒక పుటప్‌రావు గారు తగులుతారు. సర్వీస్ రిజిస్టర్‌లో అసలు పేరు ఉంటుంది గానీ దానితో ఎవరికీ పని పడదు. సీనియర్ అసిస్టెంటు. కళ్లజోడు ముక్కు కొసన, నాలుక కొసన ఒకటే మాట: "పుటప్ చేశానండీ."

ఈ విద్య టాటెన్‌హామ్ దొర పేరున మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వచ్చింది. తపాలు పర్సనల్ రిజిస్టర్‌కి ఎక్కాలి. కరెంట్ ఫైలు వేరు, నోట్ ఫైలు వేరు. గుమాస్తా నోటు రాసి పై అధికారి ముందు పెట్టాలి. ఆ పెట్టడమే పుటప్. మన రావుగారి నోటులో జీవోలుంటాయి, ఫ్లాగులుంటాయి, అభిప్రాయం మాత్రం ఉండదు. "ఇవ్వవచ్చును. ఇవ్వకపోనూ వచ్చును. తగు ఉత్తర్వుల నిమిత్తం సమర్పించడమైనది."

పని తేలిన ఫైళ్లలో ఎల్.డిస్. అయితే ఏడాది ఉంచుతారు, డి.డిస్. పదేళ్లు, ఆర్.డిస్. శాశ్వతం. రావుగారి ఫైలు తేలితే కదా!

"బాబూ, నా కాగితం ఏమైంది?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"పైకి పుటప్ చేశాను తాతగారూ."

"ఈ ఆఫీసుకి మేడ లేదు కదయ్యా!"

ఇంగ్లిష్‌వాడి పుటప్‌కి అర్థాలు బోలెడు. గోడ కట్టినా పుటప్పే, ఊళ్లో బస చేసినా పుటప్పే. పక్కన 'విత్' చేరిస్తే భరించడం. పుటప్ రావుగారిది, 'విత్' అర్జీదారులది.

ఇంట్లోనూ అంతే. కూర ఏం చేయనని భార్య అడిగితే, "వంకాయలున్నాయి. బెండకాయలూ ఉన్నాయి. ముదురువి వండరాదని పూర్వపు ఉత్తర్వు. ఆపైన నీ ఇష్టం" అంటారు. ఆవిడ పప్పు పెట్టేస్తుంది.

ఆ మధ్య సూపరింటెండెంట్ సెలవు పెడితే ఎఫ్.ఏ.సి., అంటే ఆ సీటు పూర్తి అదనపు బాధ్యత, ఈయనకే ఇచ్చారు. సెక్షన్ అంతా ఊపిరి పీల్చుకుంది: నోటు రాసేదీ ఆయనే, సంతకం పెట్టేదీ ఆయనే, ఇక అడ్డేముంది? పొద్దున తన సీట్లో కూర్చుని ఫైలు పుటప్ చేశారు. మధ్యాహ్నం సూపరింటెండెంట్ కుర్చీలో కూర్చుని ఆ నోటు రెండుసార్లు చదివారు, పెదవి విరిచారు, మార్జిన్‌లో "ప్లీజ్ డిస్కస్" అని రాసి కిందికి పంపారు.

పెద్దాయన మళ్లీ వచ్చాడు.

"ఇంకా డిస్కషన్ కాలేదు తాతగారూ" అన్నారు పుటప్‌రావు గారు. "ఇద్దరికీ తీరిక కుదరడం లేదు."