ట్యాంక్ రాకపోతే రెయిడ్ లేదు (టీకా తాత్పర్య సహితం)

మూలం:

శనివారం రాత్రి తొమ్మిదిన్నరకల్లా అందరూ ఉండాల.
ట్యాంక్ రాకపోతే రెయిడ్ లేదు.
కరెంట్ పోతే ముందే చెప్పండబ్బయ్యా.
లేటుగా వచ్చినోళ్లు వాటా అడగబాకండి.

అవతారిక. నాలుగు పాదాల వాట్సాప్ ముక్తకమిది. ఛందస్సు కుదరదు, యతి పడదు, ప్రాస వెతకడం దండగ. అయినా వారం వారం ఎనిమిది మంది దీనికి కట్టుబడి ఉన్నారు, కనీసం కట్టుబడ్డట్టు నటిస్తున్నారు. చాలామంది ప్రబంధకవులకి ఆ భాగ్యం కూడా లేదు కాబట్టి వ్యాఖ్యానానికి ఈ అర్హత చాలు. కొన్ని ప్రతుల్లో మూడో పాదం చివర రెండు దండాల బొమ్మలు, నాలుగో పాదం చివర ఎర్రటి కోపం మొహం కనిపిస్తున్నాయి. అవి ఫార్వర్డ్ చేసినవాళ్ల చేర్పులు, ప్రక్షిప్తాలు. మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి ఒట్టేసుకున్నాడు. మనకంత నిష్ఠ లేకపోయినా బొమ్మలకి టీక రాయకుండా ఉండగలం.

కర్త. పేరు చెప్పుకోలేదు. ‘ఉండాల’, ‘అబ్బయ్యా’, ‘అడగబాకండి’ అన్న ప్రయోగాల వల్ల నెల్లూరు సముద్రం పక్కవాడనీ, మైపాడుకీ కృష్ణపట్నానికీ నడుమ ఏదో ఊళ్లో ఇతనికి ఇల్లో రొయ్యల గుంటో ఉందనీ ఊహించవచ్చు. గ్రూపుకి అడ్మిన్ అన్నది మాత్రం ఊహ కాదు. అడ్మిన్ కానివాడు ‘అందరూ ఉండాల’ అనే ధైర్యం చేయడు.

కాలం. ఇక్కడ పండితుల్లో రెండు వర్గాలు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం ఉంటుంది గనక, బోట్ల మీద పోయే కుర్రాళ్లు ఇళ్లలో దొరికే ఆ అరవై ఒక్క రోజుల్లోనే ‘అందరూ’ అనడం సాధ్యమని వేసవివాదులంటారు. ‘కరెంట్ పోతే’ అన్న మాట చూపించి, ఇది అక్టోబరు దాటాక వాయుగుండాల రోజుల్లో పుట్టిందని తుఫానువాదులంటారు. ఎండాకాలంలోనూ కరెంట్ పోతుందన్న లోకజ్ఞానం తుఫానువాదులకి లేనట్టుంది. మొదటి వర్గానిదే పైచేయి.

ఆట. చదివేవాళ్లలో పెద్దవాళ్లూ ఉంటారు కాబట్టి రెండు మాటలు. ఈ గ్రూపు ఆడే డీసీ యూనివర్స్ ఆన్‌లైన్ 2011 జనవరిలో వచ్చిన ఆట. సూపర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్‌ల లోకంలో మనం సొంతంగా ఒక వీరుణ్ణి తయారుచేసుకుని, ఎక్కడెక్కడి వాళ్లతోనో కలిసి దుష్టుల్ని కొడతాం. ఆ ఏడాది నవంబరు నుంచి ఊరికే ఆడుకోవచ్చు. ఇద్దరు ఆడేవి కొన్ని, నలుగురు ఆడేవి కొన్ని, ఎనిమిది మంది కలిస్తేగాని కదలనివి కొన్ని ఉంటాయి. ఈ చివరి రకాన్నే రెయిడ్ అంటారు. వేషం మార్చుకుని వేరే పాత్రలో బతకడం మనకి కొత్తేం కాదు. నెల్లూరులో కూర్చుని తిక్కన భారతం ఎత్తుకున్నదే విరాటపర్వంతో. అందులో భీముడంతటివాడు ఏడాదిపాటు వంటవాడి పాత్ర ఆడాడు, అదీ మధ్యలో లాగౌట్ కాకుండా.

ఇక ప్రతిపదార్థం.

‘శనివారం రాత్రి తొమ్మిదిన్నరకల్లా’. ఏడున్నరకి ఎందుకు కాకూడదని శంక. ఇంట్లో టీవీ ఒకటే, ఆట ఆడే ప్లేస్టేషన్‌కి కావలసిందీ ఆ టీవీయే, సీరియళ్లు అయ్యేదాకా అమ్మ రిమోట్ వదలదు. అదే సమాధానం. ఇంకొక కారణం డల్లాస్ నుంచి ఆడే అన్న. మనకి రాత్రి తొమ్మిదిన్నరైతే అక్కడ శనివారం పొద్దున పదకొండు. అయితే ఇది ఎండాకాలం లెక్క. అమెరికావాళ్లు మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకి జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి లాగుతారు. మన గడియారం కదలదు. అందువల్ల నవంబరు మొదటి ఆదివారం దాటిన తర్వాత వచ్చే శనివారం నాడు అన్న అలవాటుగా పదకొండింటికి కాఫీ కప్పుతో కూర్చుంటే ఇక్కడ పదిన్నర అయి ఉంటుంది. ఏడుగురూ గంటసేపు తిట్టుకుని ఉంటారు. ‘కల్లా’ అన్న ప్రత్యయంలో ఈ చరిత్రంతా ఉంది.

‘అందరూ’. ఎనిమిది మంది అని రూఢి. కానీ ఎనిమిది మందికి చెబితే ఆరుగురు వస్తారు, పది మందికి చెబితే ఎనిమిది మంది వస్తారు, ఎప్పుడో ఒక శనివారం పదిమందీ వచ్చేస్తారు. ఆ రోజే గ్రూపుకి గండం. ఇద్దర్ని పక్కన కూర్చోమనాలి. ఆ ఇద్దరిలో ఒకడు మేనమామ కొడుకై ఉంటాడు. రెయిడ్‌లో ఓడిపోయి గ్రూపులు విడిపోవడం అరుదు, ఇలా పక్కన కూర్చోబెట్టినందుకే విడిపోతాయి. తెలిసిన అడ్మిన్ పక్కన కూర్చునే వంతుని వారానికొకరికి మార్చి, ఆ సంగతి శుక్రవారమే చెప్పేస్తాడు.

‘ట్యాంక్ రాకపోతే రెయిడ్ లేదు’. ముక్తకానికి ప్రాణం ఈ పాదం. ఒక ప్రాచీన వ్యాఖ్యాత, అంటే కర్తగారి నాన్న, ట్యాంకంటే ఊరి మంచినీళ్ల ట్యాంకని చెప్పుకున్నాడు. ఆ అర్థం ఇక్కడ చెల్లదు. దుష్టుడి చూపంతా తనవైపు తిప్పుకుని, దెబ్బలన్నీ తాను తిని, తక్కిన ఏడుగురినీ బతకనిచ్చేవాడే ట్యాంక్. మంచుతోనో నిప్పుతోనో ఒళ్లు గట్టి చేసుకుని ముందు నిలబడతాడు. వెనక గాయాలు మాన్పే హీలర్, అందరికీ శక్తి నింపే కంట్రోలర్ ఉంటారు. మిగిలినవాళ్ల పని దెబ్బకొట్టడం. అందరికీ కావలసింది ఆ చివరి వేషమే. ఆట అయ్యాక ఎవరెంత కొట్టారో అంకెలతో పట్టిక పడుతుంది, దాన్ని స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టుకోవచ్చు. తిన్న దెబ్బల్ని స్టేటస్ పెట్టుకునేవాడు ఇంతవరకు కనిపించలేదు. అందుకే ట్యాంక్ ఆడేవాడు ఏ గ్రూపులోనైనా ఒక్కడే దొరుకుతాడు, వాడికి కూతురి పెళ్లిలో వియ్యంకుడికి జరిగినంత మర్యాద జరుగుతుంది.

అలంకారం వినోక్తి. ఒకటి లేకపోతే మరొకటి రాణించదని చెప్పడం దాని లక్షణం. చంద్రుడు లేని రాత్రిని ఉదాహరణగా చూపిస్తూ ఇన్నాళ్లూ పాఠాలు చెప్పినవారు ఇకమీదట ఈ పాదాన్ని వాడుకోవచ్చు.

ఇక్కడ తర్కశాస్త్రం కొంత కావాలి. మాటలు కలిసి వాక్యం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు ఉండాలంటారు నైయాయికులు. మనుషులు కలిసి గ్రూపు కావడానికీ ఆ మూడే కావాలి.

ఆకాంక్షకి కొదవ లేదు. ఈ జాతి ఆటలకి మూలపురుషుడు సిటీ ఆఫ్ హీరోస్, 2004 ఏప్రిల్లో పుట్టింది. నడిపే కంపెనీ 2012 నవంబర్ 30న సర్వర్లు కట్టేసింది. ఆడేవాళ్లు వదల్లేదు. 2019లో తమంతట తామే దాన్ని మళ్లీ లేపి నిలబెట్టారు. హోమ్‌కమింగ్ పేరుతో నడుస్తున్న ఆ సర్వర్లకి 2024 జనవరిలో అసలు కంపెనీయే లైసెన్సు ఇచ్చింది. మూతపడ్డ ఆట కోసం ఏళ్లతరబడి పట్టుపట్టినవాళ్లకి ఆకాంక్ష లేదని ఎవరనగలరు?

యోగ్యతకీ ఉపాయముంది. ఆ పాత ఆటలోనే సైడ్‌కిక్ అనే ఏర్పాటు ఉండేది. కొత్తగా చేరినవాణ్ణి పాతవాడి పక్కన పెడితే వాడి బలం దాదాపు పాతవాడి స్థాయికి పెరిగేది, ఇద్దరూ ఒకే చోట పోరాడేవారు. చిన్నాయన కొడుకు నిన్ననే మొదలుపెట్టినా ఇవాళ మనతో రావచ్చు. ఎన్ని ఆటలకి ఈ బుద్ధి ఇంకా పుట్టలేదో!

మిగిలింది సన్నిధి, అంటే ఒకే వేళకి ఒకే చోట ఉండటం. దీనికి ఏ కంపెనీ దగ్గరా మందు లేదు. మన ముక్తకంలో నాలుగు పాదాలూ దాని గురించే. దుష్టుడి పేరు కూడా చెప్పలేదు చూడండి. వాడితో ఎలా పోరాడాలో అందరికీ తెలుసు, యూట్యూబులో ఉంది.

‘కరెంట్ పోతే ముందే చెప్పండబ్బయ్యా’. పోయే కరెంట్ ముందు చెప్పి పోదు కదా, మరి ముందే చెప్పడమెలా? ముఖ్యార్థానికి బాధ కలిగింది, కాబట్టి లక్షణ చెప్పుకోవాలి. ఈ పాదం అందరికీ కాదు, ట్యాంక్ ఆడేవాడొక్కడికే. అతను శనివారం రాత్రుళ్లు వెనామీ రొయ్యల గుంట కాడ కాపలా ఉంటాడు. గట్టు మీద రేకుల షెడ్డు, షెడ్డులో మంచం, మంచం మీద లాప్‌టాప్, నెట్ ఫోన్ హాట్‌స్పాట్‌దే. బయట ఏరేటర్లు నీళ్లు చిమ్ముతుంటాయి. రాత్రి పూట నీటిలో ఆక్సిజన్ తగ్గుతూ పోయి తెల్లవారుజామున అడుగంటుతుంది. రాత్రిపూట ఏరేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలి, గట్టు పక్కకి చేరి మూతులు బయటపెడతాయి. కాసేపు చూస్తూ ఊరుకుంటే పంట మొత్తం పోతుంది, లక్షల్లో మాట.

రెయిడ్ నడుమ కరెంట్ పోయిందనుకోండి. తెర మీద కొండంత దుష్టుడు ట్యాంక్ మీద పిడికిలి ఎత్తాడు. షెడ్డులో బల్బు ఆరింది, బయట ఏరేటర్ల చప్పుడు ఒక్కసారి ఆగింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంది, హెడ్‌ఫోన్లో డల్లాస్ అన్న ‘పట్టుకో పట్టుకో’ అని అరుస్తూనే ఉన్నాడు. ఇతను హెడ్‌ఫోన్ మంచం మీద పడేసి, టార్చి పట్టుకుని జనరేటర్ దగ్గరికి పరిగెత్తాడు. కదలకుండా నిలబడ్డ వీరుణ్ణి దుష్టుడు నాలుగు దెబ్బల్లో పడగొట్టి హీలర్ వైపు తిరిగాడు. హీలర్ పడ్డాక తక్కిన ఆరుగురి సంగతి చెప్పే పనిలేదు. జనరేటర్ అందుకుని, ఏరేటర్లన్నీ తిరుగుతున్నాయని గట్టు వెంట చూసుకుని అతను వచ్చేసరికి ఏడుగురూ శవాలై పడి గ్రూపులో ఆడియో మెసేజిలు పెడుతున్నారు. రెయిడ్ పోయింది, రొయ్యలు బతికాయి. ట్యాంక్ ధర్మాన్ని ఇతను ఆ రాత్రి ఎక్కడ నిలబెట్టాడో ఆలోచించాల్సిన సంగతే.

కాబట్టి ‘ముందే చెప్పండి’ అంటే, గుంట కాడ ఒక్కడివే ఉంటే శుక్రవారమే చెప్పు, వేరేవాణ్ణి ట్యాంక్ వేషంలోకి దింపుకుంటాం అని అర్థం.

నెట్ విషయం ఒకటి. కళ్లెదుట ఇంత సముద్రముంటే సముద్రం కింద వచ్చే కేబుల్ మన దగ్గర ఎందుకు తేలదని కుర్రాళ్ల బాధ. అది చెన్నైలో తేలుతుంది, ముంబయిలో తేలుతుంది. మైపాడులో నొక్కిన బటన్ అమెరికా సర్వర్‌కి పోయి తిరిగొచ్చేసరికి దాదాపు పావు సెకను గడుస్తుంది. పిడికిలి కనబడేసరికే అది తగిలి ఉంటుందన్నమాట. ఇక్కడి ట్యాంక్ కళ్లని నమ్ముకోడు, వారాల అలవాటుతో లెక్కపెట్టుకుని ముందే డాలు ఎత్తుతాడు.

‘లేటుగా వచ్చినోళ్లు వాటా అడగబాకండి’. రెయిడ్‌లో దుష్టులు వరసగా వస్తారు. పడిపోయినవాడి దగ్గర దొరికే సామాను అప్పుడు అక్కడున్నవాళ్లకే. ఒకసారి తీసుకుంటే మళ్లీ ఆ రెయిడ్ నుంచి దొరకడానికి వారం ఆగాలి. లేటుగా వచ్చినవాడి కోసం మళ్లీ మొదటినుంచి ఆడదామంటే ఏడుగురికీ వట్టి చాకిరీ. సిటీ ఆఫ్ హీరోస్ ఇంకా కరుకు. అక్కడ టాస్క్‌ఫోర్స్ ఒకసారి మొదలైతే కొత్తవాణ్ణి చేర్చుకునే వీల్లేదు, వదిలి పోయినవాడికి తిరిగి ప్రవేశం లేదు.

ఈ పాదం కంపెనీ నిబంధనల్లోంచి పుట్టలేదని మా మతం. ఇది ఒడ్డుదే. అలివి వల లాగడం చూసినవాళ్లకి తెలుసు. పడవ మీద వలని అర్ధచంద్రంగా సముద్రంలో దింపి, రెండు కొసల తాళ్లూ ఒడ్డుకి చేరుస్తారు. రెండు జట్లూ ఒక్క ఊపున లాగాలి. ఒక పక్క జట్టు చాలకపోతే వల వాలిపోతుంది, చేప జారిపోతుంది. తాడు పట్టినవాడికి పాలు ఉంటుంది, వల ఇసుక మీదికొచ్చాక బుట్ట పట్టుకుని వచ్చినవాడికి ఉండదు. దీని మీద తగాదా వస్తే మత్స్యకారుల పట్టపుపాళేల్లో ఊరి పెద్దలైన కాపులు తీర్పు చెబుతారు, మాట దాటకుండా దురాయి వేస్తారు. మన అడ్మిన్ వేసిందీ దురాయే, కాకపోతే వాట్సాప్‌లో వేశాడు. ‘లూట్’ అని అందరూ అనే చోట ‘వాటా’ అన్నాడంటే ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పనక్కర్లేదు.

పూర్వపక్షం. డబ్బు పెట్టి ఆడే ఆటల్ని సర్కారు నిషేధించింది గదా, పోలీసులొస్తే ఏం చేస్తావురా అని కర్తగారి నాన్న ఆక్షేపణ. సిద్ధాంతం: ఆన్‌లైన్ రమ్మీలాంటివాటిని ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధించింది, 2025లో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా డబ్బు పందేల ఆటల్ని ఆపింది. పందెం లేని ఆట దాని కిందికి రాదు. ఇందులో పోయేది నిద్రే. దాని మీద చట్టం ఇంకా రాలేదు.

రసం. వీరులు ఎనిమిది మంది ఉన్నా వీరరసం లేదు. మూడో పాదంలోని ‘అబ్బయ్యా’లో దైన్యం వినిపిస్తోంది. ‘ఉండాల’ అని అజమాయిషీతో మొదలై ‘చెప్పండబ్బయ్యా’ అని బతిమాలి, మళ్లీ ‘అడగబాకండి’ అని తమాయించుకున్నాడు. గ్రూపు నడిపేవాడి బతుకు ఆ మూడు క్రియాపదాల్లో ఇమిడింది. అందుకని అంగిరసం కరుణమనే నిర్ణయిస్తున్నాం.

తాత్పర్యం. రండి.

ఖిలభాగం. మెసేజి కింద కర్తదీ కలిపి ఏడు బొటనవేళ్లు ఉన్నాయి. వాటికి టీక అక్కర్లేదు. ఎనిమిదో వాడు మాత్రం ‘చూస్తా’ అని రాశాడు. ఈ ఒక్క మాటే వ్యాఖ్యాతల్ని తికమక పెడుతోంది. వస్తాడని నమ్మి అతని చోటు ఖాళీగా ఉంచాలి, రాడని తేలేది తొమ్మిదీ నలభైకి. అప్పుడు ఇంకొకణ్ణి పిలిస్తే వాడు నిద్రపోయి ఉంటాడు. గ్రూపుల్లో ఉన్న పాఠకులకి ఒక్క మనవి: రాలేకపోతే రాలేనని శుక్రవారమే రాయండి, పక్కన కూర్చున్నవాడికి వంతు వస్తుంది. ‘చూస్తా’ అని మాత్రం రాయబాకండి.